వరసల్లో మొలిచిన నక్షత్రాలు

జ్ఞాపకాలు రాసేవాడికి కనీసం నాలుగు నెరిసిన వెంట్రుకలుండాలంటారు. నాకింకా మీసమే సరిగా రాలేదు. అయినా నా ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువు తలుచుకుంటే "ఆ రోజుల్లో" అన్న మాట దానంతటదే నోటికొస్తోంది. ఆ రోజులంటే మరీ పూర్వకాలమేమీ కాదు. గోదావరి మీద ఇప్పుడున్న వంతెనలే ఉండేవి, ఫోన్లో ఇప్పటిలాగే నెట్ వస్తూ పోతూ ఉండేది, పెట్రోలు ధర చూసి అప్పటికే జనం నిట్టూర్చేవారు. మారిందల్లా నేనే. ఆ రోజుల్లో నాకు అన్నీ తెలుసు. (గొప్పకి చెప్పడం లేదు. చదివింది తక్కువైతే అన్నీ తెలియడం తేలిక.) ఇంత తెలిసినవాడికి పరీక్ష అంటే ఎందుకంత భయమో మాత్రం తెలిసేది కాదు. రాజమండ్రిలో చదివిన రెండేళ్ళూ నేను నోరు మూయకుండా జోకులు వేశానంటే అది ధైర్యం ఉండి కాదు. నోరు ఆగితే గుండె చప్పుడు పక్కవాడికి వినబడుతుందని.

చివరి సెమిస్టర్లో ప్రాజెక్టు చెయ్యాలి. క్లాసులో మిగిలినవాళ్ళు బుద్ధిగా సోలార్ ప్యానెళ్ళూ సెన్సార్లూ పుచ్చుకున్నారు. మా గైడ్ మేడం నా మొహం చూసి ఏమనుకున్నారో ఏమో, "నువ్వు నక్షత్రాలు చెయ్యి" అన్నారు. సంగతేమిటంటే, నక్షత్రాలు ఒంటరిగా పుట్టవు. ఓ పెద్ద ధూళిమబ్బులోంచి వందలూ వేలూ గుంపుగా పుడతాయి. ఆ ఒక్క కాన్పులో లావువి ఎన్ని, మధ్యరకంవి ఎన్ని, బక్కవి ఎన్ని అని లెక్క తేల్చి గ్రాఫ్ గీస్తే, ఆకాశంలో ఏ మూల చూసినా ఆ గీత ఇంచుమించు ఒకేలా వస్తోందట: లావువి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, చిన్నవి కుప్పలు. ఎందుకలా అన్నదాని మీద పెద్దపెద్దవాళ్ళే ఇంకా తన్నుకుంటున్నారు. నా వంతు ఒక్క గుంపుని తీసుకుని ఆ గీత గియ్యడం.

నక్షత్రాన్ని కాటా మీద పెట్టలేం కదా. దాని వెలుగు కొలుస్తాం. ఎంత దూరంలో ఉందో, పుట్టి ఎంతకాలమైందో తెలిస్తే, ఇంత వెలుగుకి ఇంత బరువని పెద్దలు కట్టిన పట్టికలున్నాయి, వాటిలో వెతుక్కుంటాం. (పుస్తకాల్లో ద్రవ్యరాశి అంటారు. మేడం పక్కన లేనప్పుడు మేం బరువనే అనుకునేవాళ్ళం.) పుట్టిన మబ్బు ఇంకా చుట్టూ కమ్ముకునే ఉంటుంది కాబట్టి మామూలు వెలుగులో అవి కనబడవు, మబ్బుని దాటి వచ్చే పరారుణ కాంతిలో తీసిన బొమ్మలు కావాలి. ఎక్కడో కొండ మీదున్న టెలిస్కోపుతో ఎవరో మహానుభావులు తీసి, అందరూ వాడుకోండని నెట్లో పెట్టేశారు. కాబట్టి నా నక్షత్ర పరిశోధనంతా పట్టపగలు, కర్టెన్ వేసిన లాబ్‌లో, ఫ్యాను కింద సాగింది. ఇంకో పేచీ ఏమిటంటే, బొమ్మలో పడిన ప్రతి చుక్కా ఆ గుంపుది కాదు. పెళ్ళి భోజనాలకి పిలవనివాళ్ళు వచ్చినట్టు, ముందరివీ వెనకవీ, దారినపోయే నక్షత్రాలన్నీ ఆ ఫోటోలో కూర్చుంటాయి. పక్కనే గుంపు లేని ఆకాశం ముక్క తీసుకుని, అందులో ఎన్నున్నాయో లెక్కపెట్టి, సరిగ్గా అన్నే ఇక్కడి లెక్కలోంచి తీసేస్తాం. పిలవనివాళ్ళు ఎవరో తెలియకపోయినా ఎంతమందో తెలుస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. భయమల్లా వైవాలో ప్రశ్నలడగడానికి బయటినుంచి రాబోయే ఎక్స్‌టర్నల్ గారి గురించి. ఆయన పై రాష్ట్రంలో ఓ పరిశోధనా సంస్థలో ఇదే పని చేస్తున్నారనీ, ఆయన దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటు ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉందనీ, నా పని నచ్చితే తీసుకుంటానన్నారనీ మేడం చెప్పారు. నచ్చకపోతే? నచ్చకపోతే మా బాబాయ్ ఉన్నాడు. భీమవరం వైపు ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. రొయ్యల మేత అమ్మే కంపెనీలో నా కోసం ఉద్యోగం మాట్లాడి ఉంచాడు. బండి వేసుకుని చెరువు చెరువుకీ తిరిగి, వలేసి రొయ్యలు పట్టి, ఎంత పెరిగాయో చూడటం. ఉద్యోగం మంచిదే. కానీ నాకు రొయ్య పడదు. తింటే దద్దుర్లు, ముట్టుకుంటే దురద, పెద్ద చెరువు పక్కన నిలబడితే తుమ్ములు. డెల్టాలో పుట్టి రొయ్య పడదని చెప్పుకోవడం ఎంత నామోషీయో మీకు తెలుసు కాబట్టి బాబాయికి ఆ ముక్క చెప్పలేదు. ఆ సంస్థలో చోటు దొరికితే నక్షత్రాలు, దొరక్కపోతే జీవితాంతం తుమ్ములు. నా భవిష్యత్తు ఇంత స్పష్టంగా ముందెన్నడూ కనబడలేదు.

ఇక్కడే నకిలీ నక్షత్రాల ప్రసక్తి వస్తుంది. (కంగారు పడకండి, చట్టబద్ధమైనవే.) బక్క నక్షత్రాలు మసగ్గా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ కొన్నిటిని పట్టుకుంటుంది, కొన్నిటిని వదిలేస్తుంది. ఎన్ని వదిలేస్తోందో తెలియాలంటే మనమే కంప్యూటర్లో కొన్ని ఉత్తుత్తి నక్షత్రాలు తయారుచేసి బొమ్మలో పెట్టి, "ఇప్పుడు వెతుకు" అంటాం. మనం వంద పెడితే అది యాభై పట్టిందనుకోండి, ఆ మసక వెలుగులో సగమే దొరుకుతున్నాయని అర్థం. నిజం లెక్కని ఆ మేరకి పెంచుకుంటాం. ఒక వెలుగు తరవాత ఇంకో వెలుగు చొప్పున ఈ పరీక్ష చేసుకుంటూ పోవాలి. ఒకదాని మీద ఒకటి పడకుండా నేను వాటిని వరసగా, సమానమైన ఎడంతో పెట్టాను. పరీక్ష దివ్యంగా జరిగింది. ఆ తరవాత మళ్ళీ అసలు బొమ్మ తెరిచి నక్షత్రాలు కొలిచి గ్రాఫ్ గీశాను.

గ్రాఫ్ మధ్యలో ఒక గుబ్బ! సూర్యుడిలో మూడో వంతుండే నక్షత్రాలు ఉండాల్సినదానికంటే బోలెడు ఎక్కువగా ఉన్నాయి. ఏ పేపర్లోనూ లేని గుబ్బ. మేడానికి చూపిస్తే కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇది నిజమేనా?"

"నిజమేనండి మేడం."

"ఇంకోసారి చూసుకున్నావా?"

"చూశానండి." (చూడటం చూశాను. గుబ్బనే చూశాను, చాలాసేపు, ప్రేమగా.)

మేడం సంతోషం పట్టలేక ఎక్స్‌టర్నల్ గారికి ఫోన్లో "మా అబ్బాయికి ఆసక్తికరమైన ఫలితం వచ్చిందండి" అని చెప్పేసి, పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్ళిపోయారు. నేను ఆ ఊపులో బాబాయికి ఫోన్ చేశాను. అదే కొంప ముంచింది.

"అయితే కొత్త నక్షత్రాలు కనిపెట్టావంటావ్!"

"కొత్తవని కాదు బాబాయ్, ఆ బరువువి కాస్త ఎక్కువున్నాయి."

"ఎక్కువున్నాయంటే అంతకు ముందు లేవనే కదరా? ఆ ఫోటో ఓటి పంపు. ఎర్ర సున్నాలు చుట్టు, ఏవేవో మాకేం తెలుస్తాయి?"

గుబ్బలో ఉన్న నక్షత్రాలన్నిటికీ ప్రోగ్రాంతో ఎర్ర సున్నాలు చుట్టించి వాట్సాప్‌లో పంపాను. ఫోన్లో చూస్తే ఆ సున్నాలన్నీ కలిసిపోయి ఎర్రగా, దద్దుర్లు లేచినట్టు కనబడింది. ఇంతకుమించి ఆలోచించలేదు.

మా వైపు ఫ్లెక్సీ అనేది ప్రకటన కాదు, అంటువ్యాధి. పుట్టినరోజుకి ఫ్లెక్సీ, చెవులు కుట్టించినందుకు ఫ్లెక్సీ, కొత్త ట్రాక్టరు కొంటే ట్రాక్టరుకో ఫ్లెక్సీ. వైవాకి ముందురోజు ఉదయం మా క్లాసు కుర్రాడు సైలెన్సరు ఫోన్ చేశాడు. (వాడి బండికి సైలెన్సర్ లేదు, వాడికీ లేదు, అందుకా పేరు.) "ఒరేయ్, కాలేజీ గేటు దగ్గరికి రా, నువ్వు పెద్దోడివైపోయావ్!" అన్నాడు. వెళ్ళాను. గేటుకి సరిగ్గా ఎదురుగా, చెరుకురసం బండి వెనకాల, రెండు స్తంభాల మధ్య ఇంటి గోడంత ఫ్లెక్సీ. ఎడంపక్క నల్ల కళ్ళజోడుతో, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరికో అత్యవసర సూచనలిస్తున్న మా బాబాయ్ నిలువెత్తు ఫోటో. అడుగున ఆయన స్నేహితుల తలకాయలు బారుగా. పైన అక్షరాలు: "అంతరిక్షంలో కొత్త నక్షత్రాలు కనిపెట్టిన మా అబ్బాయికి హృదయపూర్వక అభినందనలు." ఆ అబ్బాయి ఓ మూల, పోస్టల్ స్టాంపంత సైజులో, హాల్‌టికెట్ ఫోటోలో బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. మధ్యలో, మంచమంత వెడల్పున, నా నక్షత్రాలు.

"బావుంది రా. నీ ఫోటో కూడా ఉంది, ఓపిగ్గా వెతికితే" అన్నాడు సైలెన్సరు.

నా చూపు నక్షత్రాల మీదే ఉంది. ఫోన్లో కలిసిపోయిన ఎర్ర సున్నాలు ఆ సైజులో విడివిడిగా, స్పష్టంగా కనబడుతున్నాయి. వరసలో ఉన్నాయి. అడ్డంగా చూస్తే వరస, నిలువుగా చూస్తే వరస, ఐమూలగా చూసినా వరసే. తాడు పట్టి వరి నాట్లు వేసినట్టు. దేవుడు విత్తనాలు వెదజల్లితే జల్లుతాడు గానీ, తాడు పట్టుకుని నాట్లు వెయ్యడు కదా. ఆ ఎడం నాకు బాగా తెలుసు. ఆ ఎడం నేను పెట్టిందే. వేసవి ఎండలో, చెరుకురసం గ్లాసు చేతిలో ఉండగా, నాకు చలేసింది.

లాబ్‌కి పరిగెత్తి చూస్తే అనుమానమే నిజం. ఆఖరి విడతలో పెట్టిన నకిలీ నక్షత్రాలున్న బొమ్మని అసలు బొమ్మ పేరుతోనే, దాని మీదే సేవ్ చేసి పారేశాను. మళ్ళీ దాన్నే తెరిచి, శ్రద్ధగా కొలిచి, విశ్వంలో కొత్త సంగతి కనుక్కున్నాను. చెరువులో సాయంత్రం రొయ్యపిల్లల సీడు వదిలి, పొద్దున్నే వలేసి, "ఆహా, మన చెరువులో రొయ్యలు వాటంతటవే పుట్టాయి!" అని గంతులేసినట్టు. నెట్లోంచి అసలు బొమ్మ మళ్ళీ దింపి, మొదటినుంచీ కొలిచి, లాబ్ తాళం వేసేలోపు గ్రాఫ్ గీశాను. గుబ్బ లేదు. అందరికీ వచ్చే గీతే నాకూ వచ్చింది, చప్పగా, పథ్యం కూరలా.

సైలెన్సరు టీ తాగుతూ ఉపాయం చెప్పాడు. "గుబ్బ తియ్యకురా. ఆ వరసలు చెరిపేసి అటూ ఇటూ జల్లెయ్. నాటేస్తే కదా తెలిసేది, వెదజల్లితే ఎవడికి తెలుస్తుంది?" నా టీ అయ్యేవరకూ ఆ ఉపాయం నాకు చాలా బాగా నచ్చింది. టీ అయిపోయాక, ఎక్స్‌టర్నల్ గారి ముందు నిలబడి ఆ గుబ్బ గురించి మాట్లాడుతున్న నన్ను నేను ఊహించుకున్నాను. ఊహలోనే ఆయన రెండో ప్రశ్నకి దొరికిపోయాను. నాకు నిజాయితీ కంటే భయమే ముందు అడ్డొచ్చిందని మనవి. కాకినాడలో ఉన్న మేడానికి ఫోన్ చేసి చెప్పాను. అవతలనుంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడ్డాయి.

"ఆయనకి నేను చెప్పేశానే" అన్నారు చివరికి.

"ఆయన అడక్కపోవచ్చేమోనండి."

"ఆయన వస్తున్నదే దానికోసం. రేపు నేను వస్తాను గానీ నువ్వే చెప్పు." ఫోన్ పెట్టేశారు. తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది, తిట్లకి నా దగ్గర జోకులున్నాయి, నిశ్శబ్దానికి లేవు.

ఇక మిగిలింది ఫ్లెక్సీ. ఎక్స్‌టర్నల్ గారు ఆ గేటులోంచే రావాలి.

"బాబాయ్, అర్జంటుగా ఆ ఫ్లెక్సీ దించెయ్యాలి."

"ఏం, మున్సిపాలిటీవాళ్ళొచ్చారా? నేను మాట్లాడతాను, ఫోనివ్వు."

"వాళ్ళు కాదు. ఆ నక్షత్రాలు లేవు."

"లేవా? నిన్నటిదాకా ఉన్నాయన్నావ్, ఎక్కడికి పోయాయి?"

"అసలెప్పుడూ లేవు. అవి నేనే పెట్టాను."

బాబాయ్ గొంతులో గౌరవం ఒక్కసారిగా పెరిగింది. "నువ్వే పెట్టావా! ఆకాశంలో! ఒరేయ్, కనిపెట్టడం కంటే అది ఇంకా గొప్ప కదరా!"

"ఆకాశంలో కాదు, కంప్యూటర్లో."

"సీడు నువ్వేసినప్పుడు పంట ఇంకోడిదెలా అవుద్ది? అందరూ అలాగే వెయ్యరేంటి మరి?"

అరగంట బతిమాలినా ఒప్పుకోలేదు. "కట్టిన ఫ్లెక్సీ మధ్యలో దింపేది ఎలక్షన్లో ఓడిపోయినోడురా. మన ఇంటా వంటా లేదు" అన్నాడు. చివరికి నా ఏడుపు గొంతు విని, "సరేలే, దించను గానీ కప్పుతాను" అన్నాడు. కప్పాడు. మర్నాడు ఉదయం వెళ్ళేసరికి చెరువు దగ్గరి నీలం పట్టా ఒకటి తెచ్చి, కేవలం నక్షత్రాల మీద మాత్రం తాడుతో బిగించి కట్టించాడు. అక్షరాలు అలాగే ఉన్నాయి, ఆయన నల్ల కళ్ళజోడు అలాగే ఉంది. తెల్ల చొక్కా వేసుకుని ఫ్లెక్సీ కింద ఆయన కూడా ఉన్నాడు. నిన్న ఎవరూ తలెత్తి చూడని ఫ్లెక్సీని ఇవాళ బస్సులోవాళ్ళు కూడా మెడలు సాచి చూస్తున్నారు. "పట్టా కింద ఏముందండీ?" అని చెరుకురసం తాగేవాళ్ళు అడుగుతుంటే బాబాయ్, "ఇప్పుడే చెప్పకూడదండి. ఆయ్" అని గంభీరంగా తల ఊపుతున్నాడు. ఎక్స్‌టర్నల్ గారు ఆటో దిగింది సరిగ్గా అక్కడే. బక్కపల్చటి మనిషి, భుజాన సంచి. అక్షరాలు చదివారు, పట్టా చూశారు, సంచి సర్దుకుని లోపలికి వెళ్ళిపోయారు. నేను గోడ పక్కన నిలబడి, రొయ్యల పక్కన తుమ్మకుండా ఉండటానికి మందులేవైనా ఉన్నాయేమోనని ఫోన్లో వెతికాను.

వైవా గదిలో ఆయన మొదటి ప్రశ్న: "ఆ ఫలితం చూపించండి."

"లేదండి" అన్నాను. మేడం కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నకిలీ నక్షత్రాలు పెట్టిన దగ్గర్నుంచి గుబ్బ మాయమయ్యేదాకా జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఒక్క జోకు కూడా రాలేదు. నా జన్మలో అంతసేపు జోకు లేకుండా మాట్లాడటం అదే మొదలు.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"ఫ్లెక్సీ అండి."

"ఎవరు?"

"ఫ్లెక్సీ అండి. పెద్దది చేసేసరికి వరసలు కనబడ్డాయి."

ఆయన పెన్ను మూత పెట్టి లేచారు. "పదండి, చూద్దాం."

వెయ్యి ఏనుగులు తొక్కినా ఆ గేటుదాకా నడిచినంత బాధ ఉండదు. (తొక్కించుకోలేదు, అంచనా మాత్రమే.) ముందు ఆయన, వెనక మేడం, ఆ వెనక నేను, నా వెనక విషయం తెలిసిపోయిన క్లాసంతా. మమ్మల్ని చూడగానే బాబాయికి విగ్రహావిష్కరణే గుర్తొచ్చి ఉంటుంది. "రండి సార్, రండి, మీ చేతుల మీదుగానే" అంటూ తాడు కొస ఆయన చేతికిచ్చాడు. ఎక్స్‌టర్నల్ గారు కాదనకుండా లాగారు. పట్టా జారి చెరుకురసం బండి మీద పడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన ఫ్లెక్సీకి దగ్గరగా వెళ్ళి, ఒక్కో వరసా వేలితో నడుచుకుంటూ పోతున్నారు. ఓ చోట వేలు ఆగింది.

"ఇక్కడ వరస తెగిపోయిందేం?"

నేను ముందు రోజు అది చూసుకోనే లేదు. ఆ మూల నాలుగైదు సున్నాలు లేవు. ఎలక కొరికిన మడిలా ఖాళీ. నేనూ దగ్గరికెళ్ళి చూశాను. తరవాత కనబడింది: ఆ ఖాళీ మధ్యలో గుంపులోకెల్లా లావు నక్షత్రం, జాతర లైటులా వెలుగుతోంది.

"ఆ పెద్దదాని వెలుగులో ఇవి సాఫ్ట్‌వేర్‌కి దొరకలేదండి. నేను పెట్టాను, అది పట్టుకోలేదు."

"అయితే అక్కడ నిజమైనవి ఉంటే?"

"అవీ దొరకవండి."

"మరి అక్కడ చిన్న నక్షత్రాలు లేవని రాస్తారా?"

"రాయనండి. ఉన్నాయో లేవో నాకు తెలియదని రాస్తాను."

ఆయన మొహంలో మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. మేడం వైపు తిరిగి, "ఈ పరీక్ష అందరూ చేస్తారండి. ఇంత పెద్దది చేసి రోడ్డు మీద కట్టినవాళ్ళని చూడలేదు" అన్నారు. నా వైపు తిరిగి, "వచ్చే నెల వచ్చెయ్యండి. మా దగ్గర బొమ్మలు చాలా ఉన్నాయి, నకిలీ నక్షత్రాలు పెట్టడానికి ఓపికున్నవాళ్ళు లేరు. పేర్లు మాత్రం జాగ్రత్తగా పెట్టి సేవ్ చెయ్యండి" అన్నారు. బాబాయ్ మెల్లగా ముందుకొచ్చి, "మావోడికి ఏ ఉద్యోగమండీ?" అని అడిగాడు. "ఉత్తుత్తి నక్షత్రాలు పెట్టి, దొరుకుతాయో లేదో చూసే పనండి" అన్నారాయన. బాబాయ్ బండి మీది పట్టా తీసి మడతపెడుతూ, "దానికి జీతమిస్తారాండీ?" అన్నాడు.

ఇస్తున్నారు. కొద్దిగానే గానీ నెలనెలా ఇస్తున్నారు. ఇప్పుడు నేను నకిలీ నక్షత్రాల్ని వరసలో పెట్టను, అవి ఎక్కడ పడాలో పాచికలేసినట్టు ప్రోగ్రామే చూసుకుంటుంది. నేను గీసే ప్రతి గ్రాఫ్‌లోనూ ఎడంవైపు నిలువుగా ఓ చుక్కల గీత ఉంటుంది. దానికి అవతల ఉన్నవి మాకు సరిగా కనబడనంత బక్కవి. వాటి గురించి ఏమీ అనం. ఆ గీత ఎక్కడ గియ్యాలన్నదే మా వృత్తిలో సగం జ్ఞానం, మిగతా సగం దాన్ని దాటి మాట్లాడకపోవడం. నేనిప్పుడు బాగానే మాట్లాడకుండా ఉండగలుగుతున్నాను. సమావేశాల్లో పెద్దవాళ్ళు మెచ్చుకుంటారు కూడా. కానీ అప్పుడప్పుడు, సాయంత్రం పూట గ్రాఫ్ ముందు కూర్చున్నప్పుడు, ఆ హాల్‌టికెట్ ఫోటోలో కుర్రాడు గుర్తొస్తాడు. వాడి ముందు ఈ గ్రాఫ్ పెడితే చుక్కల గీతని చూడనైనా చూడడు. గుబ్బ కనబడగానే గంతేసి బాబాయికి ఫోన్ చేస్తాడు. వాడు పచ్చి తెలివితక్కువ వెధవ, ఒప్పుకుంటాను. అయినా అంత సంతోషంగా ఫోన్ చెయ్యడం నాకిప్పుడు చేతకావడం లేదు.